పుట్టినరోజు మనిషి పర్సు తీయకూడదు

మధ్యాహ్నం వేళ, వీధి వైపు తలుపున్న చిన్న కుట్టుపని దుకాణం. మిషను ముందు దుకాణం నడిపే ఆమె. గుమ్మంలో చేతిసంచితో ఆమె స్నేహితురాలు, టీచరు. పదేళ్లుగా రోజూ పొద్దున కలిసి నడిచినవాళ్లు. ఎనిమిది రోజులుగా టీచరు ఒక్కతే నడుస్తోంది.

"ఈ ప్యాంటుకేమీ కాలేదు."

"పొడుగు కాస్త ఎక్కువైందేమోనని…"

"పొడుగు సరిగ్గానే ఉంది. పోయినేడాది నేనే కుట్టాను. అన్నయ్యగారి కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. ఏడాదిలో మనిషేమన్నా పొట్టయ్యారా?"

"లేదు."

"మరెందుకు తెచ్చారు?"

"ఉత్త చేతులతో రాలేక. నిన్ను చూడాలనిపించింది."

"చూశారు కదా. కూర్చోండి టీచరుగారూ. ఆ స్టూలు మీద గుడ్డ పక్కకి పెట్టండి. గుండుసూదులుంటాయి, చూసుకుని."

"టీచరుగారేంటే, కొత్తగా?"

"టీచరే కదా మీరు."

"పదేళ్లు ఒసే అని పిలిచావు. ఇప్పుడు మీరూ గీరూ అంటే ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది నాకు."

"నాక్కూడా అలాగే ఉంది."

"ఎనిమిది రోజులైంది నువ్వు నడకకి రాక. రోజూ నీళ్ల ట్యాంకు దగ్గర పావుగంట నిలబడుతున్నాను."

"మోకాలు నొప్పి."

"ఏ మోకాలు?"

"ఏదో ఒకటి. మిషను తొక్కే కాలు."

"నీ మిషనుకి మోటారు పెట్టించి నాలుగేళ్లయింది."

"సరే. నొప్పి మోకాలిది కాదు. అదేగా మీరు నా నోట వినాలనుకుంది."

"నా పుట్టినరోజు పార్టీ దగ్గర జరిగినదానికి నీకు కోపం వచ్చిందని తెలుసు."

"పార్టీ దగ్గర ఏం జరిగింది?"

"అదే… బిల్లు దగ్గర."

"బిల్లు దగ్గర మీరు లేరుగా. బిల్లు వస్తోందనగా చేతులు కడుక్కొస్తానని లేచారు. కేకు ముక్క ఒకటి తినడానికి అంతసేపు కడుక్కోవాలా చేతులు? మేం అక్కడ కూర్చునే ఉన్నాం. మీరు రారు."

"జనం ఉన్నారు అక్కడ. కుళాయి దగ్గర."

"ఆహా."

"అలా ఆహా అనకు. తిట్టు. తిడితే బాగుంటుంది."

"తిట్టడానికి నేనెవర్ని? ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మన రూలేంటి?"

"ఏ రూలు?"

"మన అయిదుగురి రూలు. మీ క్లాసులో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తారు చూడండి, అలా చెప్పండి."

"పుట్టినరోజు మనిషి పర్సు తీయకూడదు."

"ఊఁ."

"మిగతా నలుగురూ సమానంగా వేసుకోవాలి. ఎక్కువ తిన్నా తక్కువ తిన్నా వాటా ఒకటే. బహుమతులు తేకూడదు."

"ఎందుకు పెట్టుకున్నాం?"

"నీకు తెలీదా?"

"మీకు గుర్తుందో లేదో చూస్తున్నాను."

"పోస్టాఫీసు అక్క పుట్టినరోజు. అదే మొదటిది. అక్క రమ్మంది కాబట్టి అక్కే ఇస్తుందని మనం. పుట్టినరోజు తనది కాబట్టి మనం ఇస్తామని అక్క. బిల్లు మధ్యలో పెట్టుకుని ఒకళ్ల మొహం ఒకళ్లు చూడలేక తలా నాలుగు టీలు తాగాం. వెయిటరు పక్క బల్లల మీదకి కుర్చీలెక్కించేదాకా."

"చివరికి ఎవరిచ్చారు?"

"బ్యాంకావిడ. ఇచ్చి నెలరోజులు మనతో మాట్లాడలేదు. అప్పుడు నువ్వు ఈ రూలు చెప్పావు."

"నేనెందుకు చెప్పానో తెలుసా?"

"మళ్లీ గొడవ రాకూడదని."

"గొడవ మీకు. మీరు టీచరు, ఒకరు బ్యాంకు, ఒకరు పోస్టాఫీసు, ఒకరికి సొంత మందుల షాపు. నాది మాత్రం ఈ మిషను. మీ నలుగురి పక్కన కూర్చుని తినాలంటే, ఒకళ్ల దయ మీద తింటున్నానని నాకు అనిపించకూడదు. నా వాటా నేను బల్ల మీద పెట్టిన రోజున ఆ కుర్చీ నాది. ఆ ఒక్కదానికే చెప్పాను."

"ఎప్పుడూ అనలేదు నువ్వు."

"అంటే ఇంక సమానం ఏముంది?"

"…మంచినీళ్లిస్తావా?"

"కుండ మీ వెనకాలే. గ్లాసు కడిగే ఉంది. తాగండి. తాగి, నేను చెప్పేది మొత్తం వినండి. మీరు లేచి వెళ్లాక ఏమైందో మీకు తెలీదు. మీరు చేయించిందే, కానీ ఎలా జరిగిందో తెలీదు."

"బ్యాంకావిడ చెప్పింది."

"ఆవిడ చెప్పింది ఆవిడ వైపు నుంచి. నా కుర్చీలో నేను కదా కూర్చుంది. పార్టీకి ముందు పది రోజులూ హాస్టలు వాళ్లకి కర్టెన్లు కుట్టాను. నలభై కర్టెన్లు. అంత పని ఒప్పుకోవద్దన్నారు మా ఆయన, నడుము పోతుందని. మీ పుట్టినరోజుకి నా వాటా ఇంటి ఖర్చులోంచి తీయకూడదని నా పంతం. ఆ డబ్బు కవర్లో పెట్టి, సంచీలో పైనే పెట్టుకున్నాను, అందరి ముందూ వెతుక్కోకుండా. వెయిటరు నల్ల ఫోల్డరు తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. నేను కవరు తీశాను. అందరికంటే ముందు నేనే తీశాను. బ్యాంకావిడ నా చెయ్యి పట్టుకుంది. ఐస్‌క్రీం గ్లాసు పట్టుకున్న చెయ్యి, చల్లగా ఉంది. నువ్వు ఉంచుకో, మేం ముగ్గురం చూసుకున్నాం అంది."

"మంచిగానే అంది."

"మంచిగానే అంది. అదే నా బాధ. చెడ్డగా అంటే జవాబు చెప్పేదాన్ని. అదేంటి, నాలుగో వంతు నాది కదా అన్నాను. అందరూ బల్లగుడ్డ కేసి చూస్తున్నారు. నేనూ చూశాను, కుట్టేమన్నా ఊడిందేమోనని. అప్పుడు పోస్టాఫీసు అక్క, పాపం ఆవిడకి కడుపులో మాట ఆగదు కదా, మీ ఆయనకి ఎక్కడన్నా పని దొరికిందామ్మా అని అడిగింది."

"అక్కని ఆ ఒక్క మాటా ఎత్తొద్దన్నాను."

"మందుల షాపు వదిన కూడా ఆపబోయింది. బల్ల కింద కాలితో తన్నింది. అక్కని తన్నబోయి నన్ను తన్నింది."

"అయ్యో."

"నేను నవ్వాను. ఇంకేం చెయ్యాలి? ఆయనకేమైంది, బాగానే ఉన్నారు, ఫ్యాక్టరీవాళ్లు ఊరవతల గోడౌనుకి మార్చారు అని, రెండు నెలలుగా అందరికీ చెప్తున్న అబద్ధమే మళ్లీ చెప్పాను. ముగ్గురికీ నిజం తెలుసు. తెలిసి, నేను అబద్ధం చెప్తుంటే తలలూపారు. చిన్నపిల్ల పద్యం తప్పు చదువుతుంటే చుట్టాలు ఊపుతారు చూడండి, అలాగ."

"నేను చెప్పకుండా ఉండాల్సింది."

"ఇంకా అయిపోలేదు. కవరు పట్టుకుని కిందికి దిగాను. కౌంటరు దగ్గర పెద్దాయన ఉన్నాడు. మా బల్ల బిల్లులో నాలుగో వంతు నా దగ్గర తీసుకోండి అన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, ఆ బల్ల బిల్లు మధ్యాహ్నమే కట్టేశారమ్మా అన్నాడు. ఎవరు కట్టారు అంటే, పుట్టినరోజు మేడమే వచ్చి కట్టి వెళ్లారు అన్నాడు. మరి పైకి తెచ్చిన ఫోల్డరేంటని అడిగాను."

"చెప్పాడా?"

"చెప్పాడు. ఖాళీదే తీసుకెళ్లి బల్ల మీద పెట్టమని ఆవిడే చెప్పారమ్మా, మామూలుగా జరిగినట్టు ఉండాలన్నారు అన్నాడు. ఖాళీ ఫోల్డరు ముందు నేను కవరు తీశాను టీచరుగారూ. మీ నలుగురికీ ముందే తెలిసిన నాటకం. నాకొక్కదానికే అది బిల్లు."

"నీ మనసు కష్టపడకూడదనే చేశాను."

"మీ పుట్టినరోజు ఖర్చు మీరే పెట్టుకున్నారు. అంతవరకూ సరే, మీ డబ్బు మీ ఇష్టం. ఆ ముగ్గురికీ నా సంగతి ఎందుకు చెప్పారు?"

"చెప్పక తప్పలేదే. ఈసారి మొత్తం నేనే పెట్టుకుంటానన్నాను. వాళ్లు ఒప్పుకోలేదు. రూలు రూలే అన్నారు. ఎందుకు, ఏమిటి, ఈసారేమిటి ప్రత్యేకం అని ముగ్గురూ పట్టుకున్నారు. నాకు వేరే కారణం దొరకలేదు."

"ఎక్కడ చెప్పారు?"

"మందుల షాపు వదిన వాళ్లింట్లో."

"ఎప్పుడు?"

"పార్టీకి ముందు ఆదివారం."

"ఆ ఆదివారం నేను నడక నుంచి తిరిగొస్తూ మిమ్మల్ని అడిగాను, మధ్యాహ్నం ఖాళీయేనా, బజారుకెళ్దాం అని. పేపర్లు దిద్దుకోవాలి అన్నారు."

"అన్నాను."

"నలుగురూ కూర్చున్నారు. టీ తాగారా?"

"ఏంటి?"

"నా సంసారం గురించి మాట్లాడుకున్నప్పుడు టీ తాగారా అని."

"తాగాం."

"బిస్కెట్లు పెట్టిందా?"

"పెట్టింది. ఇవన్నీ ఇప్పుడెందుకే?"

"ఏ ఫ్యాక్టరీవి? మా ఆయన ఇరవై రెండేళ్లు స్టోర్సులో లెక్క చూసిన బిస్కెట్లేనా?"

"నన్ను చంపకు."

"చంపడం లేదు. తెలుసుకుంటున్నాను. నలుగురూ కూర్చుని నా సంగతి తేల్చారు. నేనొక్కదాన్నే లేను. నా గురించి సభ పెట్టుకుని, నాకు తప్ప అందరికీ కుర్చీ వేశారు. బ్యాంకావిడ ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసా? మొన్న సోమవారం ఒక మూట తెచ్చింది. దుప్పట్లు, గలీబులు. అంచులు కుట్టమంది. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. చిరగని బట్టకి మాసిక వెయ్యమంటోంది. మీరేమో పొడుగు సరిపోయిన ప్యాంటు తెచ్చారు. పోనుపోను జనం కట్టుకున్న చీర విప్పించుకుని మరీ నాకు పనిస్తారేమో."

"ఆవిడ మంచి ఉద్దేశంతోనే…"

"తెలుసు. మీరందరూ మంచి ఉద్దేశాల మనుషులే. ఆ మంచి మా ఇంటిదాకా ఎలా నడిచొచ్చిందో చెప్పనా? ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు."

"ఏమైంది?"

"ఆయన మూడు నెలలు అడిగారు నన్ను. ఉద్యోగం పోయిన రోజున ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని, మూడు నెలలు ఎవరితోనూ అనకు, ఈలోగా ఏదో ఒకటి చూసుకుంటాను, చూసుకున్నాక నేనే అందరికీ చెప్తాను అన్నారు. తన చేతిలో నా చెయ్యి వేయించుకున్నారు. ఆ మర్నాటి నుంచీ అదే టైముకి టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరడం, వాళ్ల తమ్ముడి గోడౌన్లో కూర్చోవడం, అదే టైముకి రావడం. తొమ్మిదో రోజున నీళ్ల ట్యాంకు దగ్గర నేను మీతో చెప్పేశాను. అన్నయ్యగారు అదే ఫ్యాక్టరీలో మేనేజరు. మీకు ఎలాగూ తెలుస్తుందని నాకు తెలుసు. అయినా ఎవరి ద్వారానో కాకుండా నా నోటితో చెప్పాలనిపించింది. ఆయనకిచ్చిన మాట తప్పి చెప్పాను."

"చెప్పావు."

"మీరు ఏడ్చారు. నాకంటే ఎక్కువ ఏడ్చారు. నేనే మీకు సర్దిచెప్పాల్సొచ్చింది, రోడ్డు మీద."

"గుర్తుంది."

"మీ పార్టీ అయిన మూడో రోజు, మందుల షాపు వదిన బస్టాపులో మా ఆయన్ని చూసింది. ఆయన చేతిలో టిఫిన్ డబ్బా. పాపం మంచి మనసుతోనే, అన్నయ్యా, మా షాపులో మందులు సర్దడానికి నమ్మకమైన మనిషి కావాలి, మీకు వేరే ఏదన్నా దొరికేదాకా వచ్చి కూర్చోండి అంది. బస్టాపు నిండా జనం. అందులో ఇద్దరు మా బిల్డింగువాళ్లు."

"దేవుడా. అన్నయ్య ఏమన్నారు?"

"ఆవిడకి దండం పెట్టి, ఆలోచించి చెప్తానమ్మా అన్నారట. ఇంటికొచ్చేశారు. పొద్దున్నే తిరిగొస్తే ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. చొక్కా విప్పి మడత పెట్టి, ఎంతమందికి తెలుసు అని అడిగారు. అబద్ధం చెప్పలేకపోయాను. నలుగురికి అన్నాను. మంచిది, రేపట్నుంచి డబ్బా పట్టుకుని బయల్దేరక్కర్లేదు, నీకూ పొద్దున్నే వంట తప్పుతుంది అన్నారు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు. అరవలేదు. అప్పట్నుంచీ నాతో బేరానికొచ్చిన మనిషిలా మాట్లాడుతున్నారు. అన్నం ఉందా. కరెంటు పోయిందా. తలుపు వెయ్యనా. పాతికేళ్ల సంసారంలో ఆయన నన్ను అడిగింది ఒక్క మాట. అది నేను నిలబెట్టుకోలేదు. నిన్ను నమ్మి."

"నువ్వు అన్నావు."

"ఏంటి?"

"నిన్ను నమ్మి అన్నావు. మిమ్మల్ని అనలేదు."

"నోరు జారింది."

"జారనీ. ఇంకా జారనీ. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"వద్దు, కింద సూదులున్నాయి. …ఏడవకండి. ఈ మిషను మీదున్నది అద్దెకిచ్చే కోటు, దీని మీద పడితే మరక. ఇదిగో ఈ గుడ్డ తీసుకోండి. ఇది పనికిరాని ముక్కే."

"అన్నయ్యతో నేను మాట్లాడనా?"

"ఏమని?"

"తప్పు నాదని. నీది కాదని."

"నా తప్పు నాదే. మీది మీది. ఒకళ్లది ఇంకొకళ్లు కుట్టించుకోవడానికి కొలతలు సరిపోవు. అది సరే, ఎన్ని రోజులైంది నిద్రపోయి?"

"ఎవరు, నేనా?"

"కళ్ల కింద చూడండి ఎలా ఉందో. ఆ జాకెట్టు పోయినసారి నేనే ఒంటికి పట్టేలా కుట్టాను, ఇప్పుడు భుజాల దగ్గర జారుతోంది. నా సంగతికి మీరు చిక్కిపోవడమేంటి? నేనే బాగానే తింటున్నాను."

"నాకు ముద్ద దిగడంలేదు."

"పార్టీ నుంచా?"

"అంతకు ముందు నుంచే."

"చూశావా, నీ గుణమే అంత. పక్కింటివాళ్లకి జ్వరమొస్తే నీకు దగ్గొస్తుంది. …సరే. అన్నానుగా నువ్వు అని. ఇంక నువ్వే. అలా చూడకు, పని చేసుకోనివ్వు."

"నన్ను క్షమించేశావా?"

"క్షమించడమేంటి, పెద్దమాట. ఎనిమిది రోజులు లోపల కుక్కుకున్నదంతా నీ మొహాన పోశాను, కాస్త ఖాళీ అయింది. నువ్వు చేసింది తప్పు. తప్పేనని నువ్వూ అంటున్నావు. కానీ నా చెడు కోరి చెయ్యలేదు. నీళ్ల ట్యాంకు దగ్గర నువ్వు ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు. అది నేను కళ్లారా చూశాను. ఇన్నాళ్లూ కోపం తన్నుకొచ్చినప్పుడల్లా ఆ ఏడుపే అడ్డొచ్చింది నాకు. నా కష్టానికి అంతలా ఏడ్చే మనిషి ఇంకెవరున్నారు?"

"అలా అనకే."

"ఎందుకనకూడదు? అన్నయ్యగారు కూడా అంతే. ఉద్యోగం పోయిన మర్నాడు మా ఇంటికొచ్చారు. మా ఆయన చెయ్యి పట్టుకుని, పేర్లు పైనుంచే రాసొచ్చాయి, నా చేతిలో ఏమీ లేదు, మీ పేరు నేనూ అందరితో పాటే చూశాను అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన వెళ్లాక మా ఆయన అన్నారు, మేనేజర్లలో ఇంటికొచ్చి చెప్పేవాడు ఎవడుంటాడు అని. అందుకే ఒక సాయం అడగాలనుకుంటున్నాను. అడగనా?"

"అడుగు."

"అన్నయ్యగారి చేత రెండు ముక్కలు రాయించిపెట్టు. స్టోర్సు పనిలో నిజాయితీగా చేశాడు, ఒక్క డబ్బా తేడా రాలేదు అని. ఆ కాగితం ఉంటే ఇంకోచోట అడగడానికి ఆయనకి ధైర్యం వస్తుంది. ఆయన నోరు తెరిచి అడగరు. నేనూ ఇన్నేళ్లలో అన్నయ్యగారిని ఏదీ అడగలేదు."

"రాసిస్తారు. ఎన్ని కావాలంటే అన్ని రాసిస్తారు."

"ఒకటి చాలు. …ఇదిగో. ఇది కూడా తీసుకో."

"ఏంటిది?"

"నా కవరు. ఆ రోజుది. అలాగే ఉంది, విప్పలేదు. ఖర్చు నువ్వు పెట్టావు కాబట్టి నా వాటా నీకే ఇవ్వాలి. ఇది తీసుకుంటే లెక్క సరి. రేపు పొద్దున నీళ్ల ట్యాంకు దగ్గరికి వస్తాను."

"ఇది నేను తీసుకోలేను."

"తీసుకో. ఇప్పుడు కూడా నా చెయ్యి వెనక్కి నెట్టకు."

"తీసుకోలేనే. నీ దగ్గర మాత్రం తీసుకోలేను."

"అంటే ఏంటి? బ్యాంకావిడ దగ్గరైతే తీసుకుంటావు, అక్క దగ్గర తీసుకుంటావు. నా దగ్గరే తీసుకోవు. ఇప్పటిదాకా నేను చెప్పిందేమిటి, నీకు అర్థమైందేమిటి?"

"నువ్వనుకునేది కాదు."

"మరి?"

"దయ కాదు అది. నీ మీద దయ చూపించడానికి నాకు మొహం లేదు. ఆ పూట నువ్వు నా పుట్టినరోజుకి డబ్బులిస్తే, ఆ తిండి నేను తినలేననిపించింది. అందుకే ఎలాగైనా నేనే కట్టాలనుకున్నాను. రూలు తప్పినా సరే. ఎవరికి ఏం చెప్పాల్సొచ్చినా సరే."

"ఎందుకు తినలేవు? ఏం మాట్లాడుతున్నావో నాకు అర్థం కావడం లేదు."

"పేర్లు పైనుంచి రాలేదు."

"ఏ పేర్లు?"

"ఫ్యాక్టరీలో. స్టోర్సులో ఒకళ్లని తీసెయ్యమని మాత్రమే పైనుంచి వచ్చింది. పేరు రాసి పంపాల్సింది మా ఆయన."

"…అన్నయ్యగారు రాశారా?"

"ఆయనే రాశారు."

"మా ఇంటికొచ్చి చెయ్యి పట్టుకున్నారే."

"పట్టుకున్నారు. ఏదన్నా అనవే."

"ఏమనమంటావు? రాయకపోతే ఆయన ఉద్యోగం మీదికే వచ్చేదేమో. పైవాళ్లు ఊరుకుంటారా? చేసిన పని అలాంటిది, మా మొహం చూసి నిజం చెప్పలేక… పోనీ, అది ఆయనకీ ఆయన మనసుకీ. నువ్వేం చేస్తావు? బళ్లో పాఠాలు చెప్పుకునేదానివి. నీకు తెలిసేసరికి అంతా అయిపోయి ఉంటుంది."

"నాకు ముందే తెలుసు."

"ముందే అంటే? నేను చెప్పకముందా?"

"అంతకు ముందు."

"ఉత్తర్వు ఇచ్చిన రోజా?"

"పేరు రాయకముందు."

"రాయకముందు నీకెలా తెలుస్తుంది?"

"రెండు పేర్లున్నాయి. మీ ఆయనది ఒకటి, అక్కడే చేసే ఇంకొకతనిది ఒకటి. అతని భార్య కడుపుతో ఉంది. మా ఆయన కాగితం ఇంటికి తెచ్చి, రెండు రోజులు రాయలేక, మూడో రోజు కంచం ముందు కూర్చుని నన్ను అడిగారు. వాళ్లింట్లో కుట్టుపని ఉంది, అది గట్టి మనిషి, ఎలాగో నెట్టుకొస్తుంది, అన్నయ్య పేరే రాయండి అని చెప్పింది నేనే."